తాళ్ళరేవులో కట్టిన ముడి

మా చోడవరం వైపు నుంచి జనం ఎక్కడెక్కడికో ప్రయాణాలు కడతారు. సింహాచలం, అన్నవరం, చేతిలో కాస్త డబ్బు ఆడితే తిరుపతి. పాత పడవ కొనడానికి ఊరు దాటి వెళ్ళినవాళ్ళు మాత్రం నేనెరిగినంతలో ఇద్దరే. ఒకడు మా అక్క మొగుడు అప్పారావు బావ, రెండోవాణ్ణి నేను. నన్ను తీసుకెళ్ళడంలో అర్థమేమీ లేదు. మెయిన్ రోడ్డులో నాకో ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, పాస్‌పోర్టు సైజులు తీసుకుని బతికేవాణ్ణి. నీళ్ళంటే నాకు తెలిసింది ఫిల్ము కడిగే నీళ్ళే.

బావది దేవరాపల్లి అవతల, రైవాడ జలాశయం ఒడ్డునున్న చిన్న ఊరు. ఆ ఊరివాళ్ళ మెట్ట పొలాలు కొన్ని నీళ్ళకి అవతల కొండవాలున ఉన్నాయి. పడవ మీదైతే బీడీ కాల్చేలోగా వెళ్ళిపోవచ్చు. నడిస్తే కొండ చుట్టూ తిరిగి సగం పూట. అందుకే ఊరంతా బావ పడవ మీదే ఆధారపడింది. అవతలి ఒడ్డున నిలబడి ఎవరైనా "ఓ అప్పారావో" అని కేకేస్తే, బావ అన్నం ముందు కూర్చున్నా సరే, "వస్తన్నానో" అంటూ లేచేవాడు. ఆ కేకా, ఈ కేకా నీళ్ళ మీద కలుసుకోవడం నేను చాలాసార్లు విన్నాను.

కార్తీకంలో వచ్చిన గాలివానకి ఆ పడవ పోయింది. పొద్దున్న లేచి చూస్తే రేవులో గుంజ ఒక్కటే మిగిలింది. తాడు పీచు కూడా లేదు. చెక్కలు కొన్ని దిగువన దొరికాయి. ఊళ్ళో ఎవరూ బావని ఒక్క మాట అనలేదు. కానీ తాడు తెగితే గుంజకి ముక్కయినా మిగలాలి కదా, కాబట్టి ముడే ఊడిందని అందరూ అనుకున్నారు. అందరికంటే ముందు బావ అనుకున్నాడు. అప్పట్నుంచి అవతలి ఒడ్డు నుంచి పాత అలవాటుతో ఎవరైనా కేకేస్తే, ఈయన లేచి ఇంట్లోకి వెళ్ళిపోయేవాడు.

మాఘం వచ్చేసింది. అవతల కంది కాయ ఎండుతోంది. ఇంకో పక్షం ఆలస్యమైతే చేలోనే పగిలి గింజ నేలపాలు. ఊరివాళ్ళు తలా కొంత వేసి, పాతదైనా ఒక పడవ పట్టుకురమ్మని బావని బయల్దేరదీశారు. ఆయన పడవ పట్టుకురాకపోతే పంటతో పాటు మనిషీ పోయేలా ఉన్నాడని మా అక్క భయం. చోడి రొట్టెలు, బెల్లం ముక్కలు మూటకట్టి నా చేతికిచ్చింది.

"ఒరే తమ్ముడూ, ఆయన ప్రతిదానికీ వంక ఎడతాడు. నువ్వు నోరున్నోడివి. ఒట్టి సేతుల్తో మాత్రం రావద్దు" అంది.

నోరుందని నన్ను మెచ్చుకున్నది జీవితంలో అదే మొదటిసారి.

పూడిమడక

అనకాపల్లి మీదుగా పూడిమడక చేరేసరికి ఎండెక్కింది. సముద్రం నాకు కొత్త కాదు కానీ, ఇంత దగ్గర్లో ఇన్ని పడవలు ఒడ్డున బోర్లా పడుకుని ఉండడం చూడలేదు. ఇసకంతా ఎండు చేపలు పరిచి ఉన్నాయి. కాకుల్ని తోలుతున్న ఒక ముసలమ్మ నా మెడలో కెమెరా చూసి, "మమ్మల్ని పేపర్లో ఏస్తావేటి బాబూ?" అంది. వెయ్యనన్నాను. "అయితే పక్కకి తప్పుకో, సేపల మీద నీడ పడతంది" అంది.

అక్కడ ఒక పడవ అమ్మకానికుందని ముందే కబురు తెలిసింది. యజమాని మంచివాడు. పడవా దిట్టంగా కనబడింది. మాకు టీ తెప్పించాడు. వాళ్ళ టీలో పంచదార ఎంత వేస్తారంటే, బెల్లం ఊరినుంచి వచ్చిన నాకే నోరు అంటుకుపోయింది. బావ పడవ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి అడుగు తడిమాడు.

"ఇది కెరటాలకి సేసిందిరా. మన నీళ్ళలో దించితే ఊగీ ఊగీ సేలకెళ్ళే ఆడోళ్ళందరూ డోక్కుంటారు" అన్నాడు.

"మీ నీళ్ళలో కెరటాలుండవా?" అని యజమాని అడిగాడు.

"ఉండవు బాబూ. మా నీరు ఎక్కడిదక్కడే కూకుంటాది" అన్నాడు బావ.

ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు. వంక సరైనదే అనిపించింది. సముద్రానికి చేసింది జలాశయానికి ఎలా సరిపోతుందిలే అని సరిపెట్టుకున్నాను. యజమాని కూడా చిన్నబుచ్చుకోకుండా, కాకినాడ వైపు వెళ్ళమని, అక్కడ కాలవ పడవలు దొరుకుతాయని చెప్పి పంపాడు.

కాకినాడ

తుని దాటాక బస్సులో మాట మారిపోయింది. పక్క సీటాయన "కాస్త జరుగుతారాండీ" అన్నాడు. మా వైపైతే "జరుగు" అంటారు, లేదా ఏమీ అనకుండా కూర్చుంటారు. కండక్టరు కూడా "టిక్కెట్టండీ" అన్నాడు. బావ ఉలిక్కిపడి, "ఈడు మనల్ని ఎరుగునేటి?" అని నా చెవిలో అడిగాడు.

కాకినాడలో మెస్సు భోజనం పన్నెండు రూపాయలు. వడ్డన బాగుంది. పులుసు నోట్లో పెట్టుకోగానే బావ ముఖం వాడిపోయింది. దాన్లో బెల్లం లేదు. "బెల్లం మర్సిపోనారు" అని వడ్డించే అతన్ని పిలిచి చెప్పాడు. అతను ఎంతో మర్యాదగా, "పులుసులో బెల్లం ఎందుకండీ?" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు. నేను అక్క ఇచ్చిన మూట విప్పి ఒక ముక్క బావ విస్తట్లో వేశాను.

మధ్యాహ్నం ఒక బ్రోకరు మమ్మల్ని రేవుకి తీసుకెళ్ళి ఫైబర్ బోటు చూపించాడు. నీలం రంగు, తెల్ల గీత, వెనకాల ఇంజను. తాడు లాగగానే అది గుర్రుమని లేచింది. మేం ఎక్కి ఒక చుట్టు తిరిగాం. గాలికి నా జుట్టు లేచిపోయింది. చెప్పొద్దూ, నాకు పిచ్చి పట్టేసింది. చోడవరం మీదుగా దీన్ని తీసుకెళ్తుంటే జనం ఎలా చూస్తారో ఊహించుకుని, దిగకముందే రెండు ఫోటోలు తీశాను. పాతదే కాబట్టి ధర కూడా మా చేతికందేలా ఉంది.

దిగాక బావ తల అడ్డంగా ఊపాడు.

"ఈ సప్పుడులో అవతలి ఒడ్డునోడు కేకేస్తే నాకెలా ఇనబడతాది?"

ఇక నాకు కోపం ఆగలేదు. మనిషి కేక వినబడగానే ఇంట్లో దూరేవాడు, ఇప్పుడు కేక వినబడదని బోటు వద్దంటాడా? పెళ్ళంటే ఇష్టంలేని కుర్రాడు ఒక పిల్ల పొట్టి అని, ఒక పిల్ల పొడుగు అని చెప్పినట్టుంది ఈయన వరస. రేవులోనే గట్టిగా అడిగేశాను.

"బావా, నీకు పడవ కావాలా, అక్కర్లేదా? ఉన్నది సెప్పు. లేపోతే ఈ సాయంత్రమే బస్సెక్కేద్దాం."

బ్రోకరు మెల్లగా పక్కకి జారుకున్నాడు. బావ అక్కడున్న తాళ్ళ చుట్ట మీద కూలబడ్డాడు.

"మా అయ్య నేర్పిన ముడిరా అది. నా ఊహ తెలిసినకాడ్నించీ కడతన్నాను. అదే ఊడిపోనాది. మళ్ళీ పడవ తెస్తే మళ్ళీ కట్టాల గదా. ఆ రేత్రి కాబట్టి ఉత్త పడవ పోనాది. జనం ఎక్కి ఉండగా ఊడిపోతే?" అన్నాడు.

నోరున్నవాణ్ణని అక్క పంపిన నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. పడవలు కట్టే తాళ్ళరేవు దగ్గర్లోనే ఉంది కదా, కొనకపోయినా చూసి పోదాం అన్నాను. సరేనన్నాడు. వద్దని వాదించే ఓపిక కూడా ఆయనకి లేనట్టుంది.

తాళ్ళరేవు

తాళ్ళరేవులో తరతరాలుగా పడవలు కడతారు. మేం వెళ్ళేసరికి మాత్రం ఆ ఊరంతా రొయ్యల చెరువుల మాటే. టీ కొట్లో అందరూ రొయ్యల జబ్బుల గురించి, మేత గురించి మాట్లాడుకుంటున్నారు. పాత నావ కావాలని అడిగితే, "మంగాయమ్మ గారిని అడగండి" అని కాలవ గట్టు చూపించారు.

మంగాయమ్మకి యాభై దాటి ఉంటాయి. మొగుడు రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళాడు. కాలవ దాటించే నావ వాళ్ళది. వెనకటేడు పక్కనే వంతెన కట్టేసరికి ఆ రేవుకి మనిషి రావడం మానేశాడు. నావని గట్టెక్కించి తాటాకులు కప్పి ఉంచారు.

"వంతెన వచ్చాక మేవెవరిక్కావాలండీ? మొన్నటిదాకా నన్ను చూస్తే వందమంది పలకరించేవారు. ఇప్పుడు పైనించి స్కూటర్ల మీద వెళ్ళిపోతన్నారు, తల కూడా తిప్పరు" అని నవ్వింది. తాటాకులు తీస్తూ, "మీ ఊరికి వంతెన వస్తదాండీ?" అని అడిగింది.

"మాకెవలు కడతారమ్మా" అన్నాడు బావ.

"అయితే ఇది మీకాడ బతుకుతాదండి" అంది.

నావ అడుగు వెడల్పుగా, చదునుగా ఉంది. రెండు కొసలూ సన్నగా పైకి లేచాయి. బావ ఈసారి చుట్టూ తిరగలేదు. తిన్నగా ఎక్కి, మధ్యలో నిలబడి, కాళ్ళు ఎడంగా పెట్టి ఒకసారి బరువు అటూ ఇటూ మార్చాడు. వంక పెట్టడానికి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. అది నేను చూశాను. ఆ క్షణంలో పడవ కుదిరిపోయిందని నాకు తెలిసిపోయింది.

నలుగురు సాయం పట్టి నీళ్ళలో దించారు. దించీదించగానే అడుగున సందుల్లోంచి నీరు బుగ్గలా లేచింది. నేను కంగారుపడితే బావా మంగాయమ్మా నన్ను చూసి నవ్వారు. ఏడాదిగా ఎండిన చెక్క అలాగే కారుతుందట. ఒక రాత్రి నానితే ఉబ్బి సందులన్నీ పూడుకుంటాయట.

"అసలు ఆ రాత్రే మా బేరం కూడానండి. మా రేవులో ఒక పద్ధతుంది. మా ముడి మేం విప్పేస్తాం. కొనేవాళ్ళు వాళ్ళ ముడి వేసుకోవాలి. తెల్లారి పడవ ఆ ముడి మీదే ఉంటే మీది. లేకపోతే బేరం లేదు. మీరు కట్టేటప్పుడు మేం చూడకూడదు, మాట సాయం చెయ్యకూడదు" అంది మంగాయమ్మ. తాడు విప్పి నావలో పడేసి, వెనక్కి తిరక్కుండా ఇంటికి వెళ్ళిపోయింది.

బావ నా వైపు చూశాడు. పారిపోయే మనిషి చూసే చూపు అది.

"నువ్వు కట్రా" అన్నాడు.

"నేను కడితే స్టూడియో కర్టెన్ ముడి వస్తది. నువ్వే కట్టు."

కాలవ నిండుగా ఉంది, నీరు గట్టు దాకా వచ్చి నిలబడింది. రేవులో గుంజలు మా వైపు గుంజల కంటే బాగా పొడుగు. ప్రతి గుంజకీ తల దగ్గర అడ్డంగా ఒక కర్ర దిగ్గొట్టి ఉంది. బావ నావలో నిలబడి, చేతికందిన ఆ అడ్డకర్ర మీదుగా తాడు రెండు చుట్లు తిప్పాడు. విప్పాడు, మళ్ళీ కట్టాడు. చివరికి మూరెడు తాడు కూడా వదల్లేదు, నావ ముక్కు గుంజకి ఆనేలా లాగి బిగించాడు. పక్కన మిగతా పడవల తాళ్ళు బారలకొద్దీ వదులుగా వేలాడుతున్నాయి. ఈ ఊరివాళ్ళకి బొత్తిగా శ్రద్ధ లేదని నేను బావతో అన్నాను. "ఔను, గాలొస్తే పోతాయి" అని ఆయనా జాలిపడ్డాడు.

మంగాయమ్మ మాకు అన్నం పెట్టింది. మామిడికాయ వేసిన చేపల పులుసు. బావ బెల్లం అడగలేదు. పైగా రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

మర్నాడు పొద్దున్న

గట్టు మీద జనం నవ్వులకి మెలకువ వచ్చింది. వరండాలో బావ పక్క ఖాళీగా ఉంది. పరుగెత్తాను.

కాలవలో నీళ్ళు లేవు. రాత్రి గట్టు దాకా ఉన్న నీరు ఎక్కడో అడుగుకి దిగిపోయింది. మా నావ ముక్కు ఆకాశానికెత్తి, తోక బురదలో పాతుకుని, ఆ గుంజ అడ్డకర్రకి వేలాడుతోంది. పక్కన ఆ శ్రద్ధలేని వాళ్ళ పడవలన్నీ హాయిగా బురద మీద పడుకుని ఉన్నాయి.

"ఏ ఊరండీ బాబూ మీది? పోటూ పాటూ తెలీదా?" అని ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. సముద్రం పొంగితే కాలవకి నీరు ఎక్కుతుందట, అది పోటు. దిగితే పాటు. రోజూ జరిగేదేనట. అందుకే తాడు వదులుగా కడతారట. మా నీరు ఎక్కడిదక్కడే కూర్చుంటుందని పూడిమడకలో బావ అన్న మాట నాకప్పుడు గుర్తొచ్చింది.

బావ నవ్వట్లేదు, సిగ్గూ పడట్లేదు. గుంజ కింద బురదలో మోకాళ్ళ దాకా దిగబడి, తలెత్తి ముడినే చూస్తున్నాడు. నీళ్ళు నిండిన నావ బరువంతా దాని మీదే ఉంది. అది వెంట్రుకవాసి కూడా జారలేదు. ఎంత బిగుసుకుందంటే, విప్పడానికి ఒకతను పైకెక్కి గోళ్ళు విరగ్గొట్టుకుని దిగిపోయాడు.

"అమ్మా, ఆ అడ్డకర్ర దేనికమ్మా?" అని బావ మంగాయమ్మని అడిగాడు.

"ముడి వేసేశారుగా, ఇక చెప్పొచ్చండి" అంది ఆవిడ. "వరదల్లో నీరు గుంజ తల దాకా వచ్చేస్తదండి. నావ తేలి తాడుని పైకి లాగుద్ది. ఆ కర్ర లేకపోతే తాడు చుట్టలా పైకి జరిగి, ముడి ముడిలాగే ఉండగా ఊడొచ్చేస్తదండి, చేతికున్న గాజు తీసినట్టు."

బావ కిందనుంచి తల దాకా ఆ గుంజని చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఒరే, ఆ పొద్దున్న మన గుంజ ఎక్కడిదాకా తడిసున్నాది?"

నేను ఆ రోజు వెళ్ళి చూసినవాణ్ణే. "తల దాకా తడిసుంది బావా. తల మీద నాచు కూడా అంటుకునుంది" అన్నాను.

"మన గుంజకి అడ్డకర్ర లేదు."

"లేదు."

"అయితే ముడి ఊడలేదురా" అన్నాడు. ఒకసారి అని ఆగలేదు. గట్టు మీదున్న అందరికీ, వాళ్ళకి ముందూ వెనకా తెలీకపోయినా, "నా ముడి ఊడలేదు బాబూ, గుంజే పొట్టిదైపోనాది" అని చెప్పాడు. బురదలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నవ్వుతున్నవాళ్ళలోంచి ఒకాయన కండువా తీసి అందించాడు.

తర్వాత బేరం చెల్లుతుందా లేదా అని గట్టు మీద పెద్ద చర్చ నడిచింది. నావని ఉరేసినవాళ్ళకి నావెలా ఇస్తారని ఒకరు. మంగాయమ్మ చెయ్యెత్తింది.

"పడవ ఆయన ముడి మీదే ఉందా, లేదా? ఉంది. అయితే ఆయనదే" అంది.

పోటు వచ్చాక నావ మళ్ళీ తేలింది. తాడు కొయ్యక తప్పలేదు. ముడి ఉన్న ముక్కని మాత్రం మంగాయమ్మ అడ్డకర్ర మీదే ఉంచేసింది, మా ఆయన వచ్చాక చూపిస్తానంటూ. నీళ్ళు తోడి చూస్తే సందులన్నీ పూడుకున్నాయి. చుక్క కారలేదు.

తిరుగు దారి

బెల్లం దిమ్మల కోసం అనకాపల్లి వెళ్తున్న ఖాళీ లారీ ఒకటి దొరికింది. నావని దాని మీదెక్కించి, డ్రైవరుకి ఇంకొంచెం ముట్టజెప్పి రైవాడ దాకా ఒప్పించాం. మంగాయమ్మ నావ ముక్కుకి పసుపు రాసి, "రోజూ మనుషుల్ని ఎక్కించండి. దీనికి ఒంటరితనం పడదు" అంది. అప్పటిదాకా నవ్వుతూనే ఉన్న ఆవిడ, లారీ కదలకముందే ఇంటివైపు తిరిగేసింది.

మేమిద్దరం నావలో కూర్చున్నాం. తుని, నక్కపల్లి, అనకాపల్లి అన్నీ నావలోంచే చూశాను. అంత ఎత్తు నుంచి లోకం బాగుంటుంది. చోడవరం మెయిన్ రోడ్డులోకి వచ్చేసరికి సంత రోజు. లారీ నత్తనడక నడిచింది. నా స్టూడియో ఎదుట కిళ్ళీ కొట్టతను బయటికొచ్చి, "ఏటి గురువుగారూ, వరదొస్తందా?" అని అరిచాడు.

"వచ్చి ఎళ్ళిపోనాది" అని బావే జవాబిచ్చాడు. పరాయివాడితో బావ ఎకసెక్కం ఆడడం నేను విని మూడు నెలలైంది.

రైవాడ

ఊరు ఊరంతా రేవుకి వచ్చింది. నావని దించుదామని అందరూ తొందరపడ్డారు. బావ ఒప్పుకోలేదు. ముందు గుంజ అన్నాడు. పొట్టి గుంజ పీకించి, తాటిదూలం తెప్పించి, ఊళ్ళో ఎప్పుడూ ఎవరూ చూడనంత పొడుగ్గా పాతించాడు. తలకి దగ్గరగా అడ్డకర్ర తనే దిగ్గొట్టాడు. ఇంత ఎత్తెందుకని మా అక్క అడిగితే, "నీళ్ళకి తల అందకూడదే" అన్నాడు.

నావని దించి కట్టాడు. ఈసారి విప్పి మళ్ళీ కట్టలేదు. తాడు కూడా బారెడు వదిలాడు. అది వదులుగా వేలాడుతుంటే ఊళ్ళో ఒక పెద్దాయన, "ఏట్రా అప్పారావూ, శ్రద్ధ తగ్గిందేటి?" అన్నాడు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వాపుకోలేకపోయాం.

నేను ఫోటో తీద్దామని బావని నావ పక్కన నిలబెట్టాను. రీలులో ఆఖరి బొమ్మ. ముందువన్నీ ఆ నీలం ఫైబర్ బోటు మీద, బురదలో వేలాడిన నావ మీద అయిపోయాయి. కదలకు బావా అని చెప్పి కెమెరా కన్నుకి ఆనించాను.

అప్పుడే అవతలి ఒడ్డు నుంచి కేక వచ్చింది. కందిచేలు చూసుకుందామని పొద్దున్నే కొండ చుట్టూ నడిచి వెళ్ళిన మనిషి ఎవరో, ఇటు రేవులో జనాన్ని చూసి ఉండాలి. నీళ్ళ మీద సాగి, సన్నబడి వచ్చింది.

"ఓ... అప్పారావో..."

అక్క నా చెయ్యి పట్టుకుంది. నేను మీట నొక్కాను. కడిగాక చూస్తే ఆ ఫోటోలో నావ ఒక్కటే స్పష్టంగా ఉంది. దాని పక్కన బావ ఉండాల్సిన చోట కదిలిపోయిన మసక మాత్రమే ఉంది. ఇన్నేళ్ళుగా స్టూడియో నడుపుతున్న నేను, పాడుచేసిన ఫోటోల్లో గోడకి తగిలించుకున్నది అదొక్కటే. ఎందుకంటే నేను నొక్కేసరికే ఆయన పరుగు తీశాడు, కెమెరా దించేసరికి ముడి విప్పేసి, గెడ అందుకుని, నావలోకి దూకి, గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"వస్తన్నానో..."